ఒకే ఇంట్లో రెండు కడుపులు

3 నవంబరు 2025

డాక్టరమ్మ ఆగమంది. మూడు నెలసరులు ఆగి అప్పుడు చూద్దామంది. ఆవిడ పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరు పెట్టుకుని కూర్చున్నావిడ రెండుసార్లు నా కడుపులో పిండాన్ని పెట్టి, రెండుసార్లూ "సారీ అమ్మా" అంది. మొన్న రెండోసారి అనేముందు టిష్యూ డబ్బా నా వైపుకి జరిపింది. నేను ఏడవలేదు. ఆ డబ్బా మీద బొమ్మేమిటా అని చూశాను. బాతు.

ఇక ఒక్క పిండమే మిగిలింది. రాజమండ్రిలో, ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, నైట్రోజన్ క్యానులో గడ్డకట్టి కూర్చుంది. నాకంటే అదే సుఖంగా ఉంది. దాన్నెవరూ "ఏమైనా విశేషమా?" అని అడగరు.

తిరిగొచ్చేటప్పుడు కొవ్వూరు మీదుగా వచ్చాం. ఊరు దాటాక మా ఆయన బండి ఆపి "బజ్జీలు తింటావా కళా?" అన్నాడు. తిన్నాను. ఆయన ప్లేటులోవి కూడా తిన్నాను. రేపట్నుంచి డ్యూటీకి పోతాను. ఆగడం పెద్ద విద్యేం కాదు, మా బస్సు కోసం జనం రోజూ ఆగుతూనే ఉన్నారు.

5 నవంబరు

కార్తీక పౌర్ణమి. నిడదవోలు నుంచి రాజమండ్రి దాకా బస్సులో ఊపిరాడలేదు. ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం అయినప్పటినుంచి గోదావరి స్నానానికి వెళ్ళని ఆడమనిషి ఈ జిల్లాలో లేదు. "ఆధార్ చూపించండమ్మా" అంటే ముందు నా మెడలో పుస్తెలు చూస్తారు, తర్వాత ఖాకీ చొక్కా కింద పొట్ట చూస్తారు, ఆ తర్వాత తీరిగ్గా కార్డు తీస్తారు.

తడి జడలో బంతిపువ్వు పెట్టుకున్న ఒకావిడ, "పిల్లలెంతమందండీ కండక్టరుగారూ?" అంది.

"ఇద్దరండి" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

"ఎన్నేళ్ళు?"

"పెద్దదానికి ఆరు. చిన్నోడికి ఇప్పుడే పాలపళ్ళు ఊడుతున్నాయి."

ఆవిడ కాసేపు లెక్కేసుకుంది. "పెద్దదానికి ఆరైతే చిన్నోడికి అప్పుడే ఎలా ఊడతాయమ్మా?"

"మా వైపు అంతేనండి. మాకన్నీ తొందర" అన్నాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి తల తిప్పేసుకున్నాడు.

9 నవంబరు

పొద్దున్నే చుక్క ఎదకొచ్చింది. ఒకటే అరుపులు. చుక్క మా గేదె. అసలు చెప్పాలంటే మా అత్తగారు పాపాయమ్మగారి గేదె. ఆవిడ దానితో మాట్లాడినంత ప్రేమగా కన్నకొడుకుతో మాట్లాడగా నేను వినలేదు. ఇక నాతో సంగతి ఎత్తక్కర్లేదు.

మా ఆయన ఉద్యోగం పశువులకి ఎదసూది వెయ్యడం. చుట్టుపక్కల ఊళ్ళలో గేదె చూడి కట్టిందంటే అది ఈయన చలవే. సూదుల హరిబాబు అంటారు. ఆ మాట అనేసి, నా వంక చూసి, నాలిక్కరుచుకుంటారు. నాలిక్కరుచుకోవడం ఎందుకో, అనేశాక. ఇంతమంది ఇళ్ళలో దూడలు పుట్టించిన మనిషికి సొంత గేదె రెండుసార్లు నిలవలేదు. సొంత పెళ్ళానికీ రెండుసార్లే. దేవుడికి ఇలాంటి పనులకి బోలెడు తీరిక.

ఈరోజు మూడో సూది. నన్ను తోక పట్టుకోమన్నాడు. మా అత్తగారు పసుపు, కుంకుమ పట్టుకుని పాక బయట నిలబడింది. ఆయన చుక్క వీపు నిమురుతూ "ఏం కాదమ్మా, ఏం కాదు, అయిపోయింది" అన్నాడు.

నాకు పిండం పెట్టిన రోజు ఆయన వెయిటింగ్ హాల్లో కూర్చుని ఫోన్లో కబడ్డీ చూశాడు. ఆ మాట అక్కడే అనేశాను. తోక నా చేతిలోనే ఉంది.  ఆయన గ్లవ్వు తీసి బకెట్లో చేతులు చాలాసేపు కడుక్కున్నాడు.

12 నవంబరు

ఏమీ లేదు.

15 నవంబరు

పోలవరం అవతల కొండల్లోంచి ఎవరో తెచ్చారట, ఒక పొడి. మా అత్తగారు దాన్ని పాలల్లో కలిపి పరగడుపున తాగమని తెచ్చింది. గ్లాసులోంచి తడిసిన గోనెసంచి వాసన వస్తోంది.

"తాగేశావా?" అని వంటింట్లోంచి కేక.

"తాగేశానండి అత్తయ్యా!"

చుక్క కుడితి తొట్టిలో పోశాను. అది మూతి కూడా ఎత్తకుండా తాగేసింది. ఇక రోజూ ఇంతే. ఎవరికీ నష్టం లేదు.

19 నవంబరు

డ్యూటీలో ఉండగా ఆసుపత్రి నుంచి నర్సు క్రిస్టినా ఫోన్. ఆ నంబరు చూడగానే డ్రైవరు వెనక సీట్లో కూలబడ్డాను.

"మేడమ్, ఏం కంగారు లేదు. సారు వచ్చారు. పోయిన వారం కూడా వచ్చారు."

"ఎందుకు?"

"నైట్రోజన్ ఎప్పుడు నింపుతారు, క్యానులో ఎంతుంది, కరెంటు పోతే ఏం చేస్తారని అడుగుతున్నారు మేడమ్. లోపలికి రానివ్వమని గొడవ. అది ఎవరూ చూడకూడదు సార్ అంటే, నేను రోజూ చూస్తాను, ఎదసూదుల క్యాను నా బండి వెనకాలే ఉంటుంది అంటున్నారు. బయట పేషెంట్లందరూ వింటున్నారు మేడమ్. గేదెలు, దున్నపోతులు అంటున్నారు."

ఇంటికొచ్చాక తగులుకున్నాను. "పరువు తీసేశారు కదండీ! అది ఆసుపత్రా, మీ పశువుల దవాఖానా?"

ఆయన షూ లేసు విప్పుతూ తల ఎత్తలేదు. "ఒకసారి నాకు క్యాను ఎండిపోయింది కళా. మూత సరిగ్గా పెట్టలేదు. పైనుంచి చూస్తే అంతా బానే ఉంది. ఎండిపోయిందని తెలిసేసరికి లోపలున్నవన్నీ పోయాయి."

"వాళ్ళు మీలాంటోళ్ళు కాదులెండి" అన్నాను.

"ఆయ్. అలాగే చెప్పారు వాళ్ళు కూడా" అన్నాడు. చెమట పట్టిన సాక్సు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేను కాఫీ పెట్టడానికి వెళ్ళాను. కాఫీలో పంచదార రెండుసార్లు వేశాను. తాగేశాడు పాపం.

2 డిసెంబరు

చుక్క మళ్ళీ ఎదకి రావాల్సిన రోజులు దాటిపోయాయి. రాలేదు. మా అత్తగారు నోటితో ఏమీ అనడం లేదు, దిష్టి తగులుతుందని. అనకుండానే ఊరంతటికీ తెలిసిపోయింది.

నాకేం, మంచిదే. ఎవరికో ఒకరికి నిలిస్తే ఇంట్లో పాలకి లోటుండదు.

11 డిసెంబరు

నెలసరి వచ్చింది. ఇన్నేళ్ళూ ఇది వస్తే బాత్రూములో కుళాయి తిప్పి కూర్చునేదాన్ని. ఇప్పుడు వస్తే డాక్టరమ్మ "వెరీ గుడ్" అంటుంది. ముప్ఫై ఆరేళ్ళు వచ్చాక నా ఒంటికి మొదటిసారి మంచి మార్కులు పడ్డాయి.

మా అత్తగారికి చెప్తే "ఇంక ఒకటేగా?" అంది. నెలసరి ఒకటా, పిండం ఒకటా, దేని గురించి అందో నేను అడగలేదు. రెండూ ఒకటే మిగిలాయి మరి.

ఒకవేళ ఇదీ నిలవకపోతే పోయె. మా డిపోలో పిల్లల్లేనివాళ్ళు లేరా? హాయిగా ఉన్నారు. సెలవు పెట్టి అరకు వెళ్ళొస్తారు. నేనూ వెళ్తాను. స్వెట్టరు కొనుక్కోవాలి.

20 జనవరి 2026

ఈరోజు హరి చుక్కని పరీక్ష చేశాడు. భుజం దాకా గ్లవ్వు తొడుక్కుని, చెయ్యి లోపల పెట్టి, పైకి వాసాల వంక చూస్తూ ఉండిపోయాడు. మా అత్తగారు చుక్క తల దగ్గర నిలబడింది. నేను డ్యూటీకి బయల్దేరుతూ బ్యాగు భుజాన వేసుకుని నిలబడ్డాను.

"ఆయ్. కట్టింది" అన్నాడు.

మా అత్తగారు అక్కడికక్కడే చుక్క మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టుకుంది. తర్వాత నావైపు చూసి చేతులు తీసేసింది. చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

నేను గట్టిగా నవ్వాను. "కంగ్రాట్స్ అత్తయ్యా!" అన్నాను. ఆ కొండల పొడి పనిచేసిందన్నమాట. పరగడుపున, పాలల్లో, ఒక్కరోజు తప్పకుండా. ఈ సంగతి చెప్పుకుని పడి పడి నవ్వడానికి ఒక్క మనిషి లేదు ఇంట్లో.

గేదె మీద అసూయేంటి, ఛీ. మనిషన్నవాళ్ళకి ఉంటుందా అలాంటిది.

సాయంత్రం గడ్డి వెయ్యడానికి పాకలోకి వెళ్ళాను.

22 జనవరి

డ్యూటీ. రద్దీ. ఒకడు తాగి నా మీద పడ్డాడు, కాలర్ పట్టుకుని దింపేశాను. సాయంత్రం చుక్కకి గడ్డి వేశాను.

25 జనవరి

గడ్డి వేశాను.

26 జనవరి

రేపో మాపో నెలసరి వస్తుంది. రాగానే మాత్రలు మొదలు. ఫిబ్రవరి రెండోవారం దాటాక పిండం పెడతారట. డాక్టరమ్మ ఫోన్లో "ఎలా ఉన్నారు, మనసు ప్రశాంతంగా ఉందా?" అంది. బస్సు హారన్ వినిపించిందో లేదో ఆవిడకి. "చాలా ప్రశాంతంగా ఉందండి" అని అరిచాను.

గడ్డి వేశాను.

2 ఫిబ్రవరి

ఇంటికొచ్చేసరికి పాక ఖాళీ.

చుక్క లేదు. గొలుసు లేదు. తొట్టి కడిగి బోర్లించి ఉంది. మా అత్తగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"చుక్కేది?"

"అమ్మేశాను. మీ బస్సెళ్ళే దారిలో ఉంటాడే చిట్టియ్య, ఆడు తోలుకెళ్ళాడు."

"ఏంటండీ అమ్మేయడం? మూడు సూదులేస్తే కట్టింది! మొన్నే కదా ముద్దు పెట్టుకున్నారు!"

"ఒకే ఇంట్లో రెండు కడుపులు కూడవే. ఒకటి నిలిస్తే ఒకటి పోద్ది అంటారు. నీకు ఈ నెల్లోనే పెడతారు కదా. అందుకని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నానో అంతా రాయలేను, రాసినా బాగుండదు. మీ గేదెకీ నాకూ పోటీ పెట్టారా అన్నాను. ఎవడు చెప్పాడు మీకు ఈ చెత్తంతా అన్నాను. ఆవిడ వినపడనట్టు ఈనెలు తీస్తూనే ఉంది. హరి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మ అలా అంటే నేనేం చెయ్యను?" అన్నాడు. ఈ ఇంట్లో ఎవరు ఏం చేసినా ఈయన చేసేది ఏమీ ఉండదు.

4 ఫిబ్రవరి

కోపం తగ్గలేదు. అసలు విషయం ఇది, ఇక్కడైనా రాసుకోవాలి. రేపు ఇదీ నిలవకపోతే? అప్పుడు ఊళ్ళో ఏమంటారు? పాపాయమ్మగారు కోడలి కోసం చూడి గేదెని అమ్ముకుంది, అయినా ఆ మహాతల్లి కడుపు పండలేదు అంటారు. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే పోయేది. ఇప్పుడు ఆవిడకి కూడా పోతుంది, నా వల్ల. నాకోసం ఎవరూ ఏదీ వదులుకోకూడదు. నేను అడిగానా?

చిట్టియ్య వాకిలి మా రూటులోనే. ఇవాళ వెళ్ళేటప్పుడు చూశాను. కొబ్బరిచెట్టుకి కట్టేసి ఉంది. నేను ఫుట్‌బోర్డు మీద నుంచి "చుక్కా!" అని అరిచాను. తలెత్తింది. బస్సులో ఒకావిడ "మీ చుట్టాలాండీ?" అంది. "ఆయ్" అన్నాను.

5 ఫిబ్రవరి

అత్తగారితో మాటల్లేవు. ఇల్లంతా గిన్నెల చప్పుడు.

8 ఫిబ్రవరి

సెలవు. పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మా అత్తగారు పాకలో ఉంది. గేదె లేదు, పేడ లేదు, అయినా ఆవిడ ఊడుస్తోంది. ఊడ్చిందే ఊడుస్తోంది. చూడలేక వెళ్ళాను.

"ఒకే ఇంట్లో రెండు కడుపులు కూడవని ఎవరన్నారండీ మీకు?"

"ఎవరూ అన్లేదు" అంది చీపురు ఆపకుండా.

"మరి?"

"నేనే అన్నాను. హరిగాడు నా కడుపులో ఉన్నప్పుడు మా ఇంట్లో రెండు గేదెలు చూడితో ఉన్నాయి. ఏమైంది ఆడికి? దున్నలాగున్నాడు."

"మరెందుకు అమ్మేశారు అత్తయ్యా?"

చీపురు గోడకి ఆనించింది. నా మొహం చూడకుండా వాసాలు చూసింది.

"రోజూ గడ్డెయ్యడానికని వత్తావ్. గడ్డి నేను మద్యాన్నమే ఏసేత్తన్నాను కదే. అది మాత్రం ఎన్నిసార్లు తింటది? దాని మెడ మీద తలకాయెట్టుకుని నువ్వు ఏడుత్తుంటే అది కూడా మేత మానేసి నించునేది. ఇవాళ దాని కడుపు కనపట్లేదు. రేపు దాని పొట్ట పెరుగుద్ది. ఊళ్ళోవాళ్ళందరూ వచ్చి చూసి పోతారు. దాన్ని దాటుకునే నువ్వు పొద్దున్నే డ్యూటీకెళ్ళాలి. ఎందుకమ్మా నీకది? అందుకని తోలేశాను."

నేను తాడు మీద వెయ్యాల్సిన తడి చొక్కా పట్టుకుని అలాగే నిలబడ్డాను. నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయి.

"ఆ మాట నాతో చెప్పచ్చుగా. ఉత్తినే ఆ మూఢనమ్మకం ఎందుకు?"

"చెప్తే నేను ఏడవట్లేదంటావ్. నీ సంగతి నాకు తెలీదా? నేను మూర్ఖురాలినని తిట్టుకుంటే నీకు కాస్త తేలిగ్గా ఉంటదనుకున్నాను." ఇంకోమాట కూడా అంది, చీపురు మళ్ళీ అందుకుంటూ. "పొడి కూడా కుడితిలో పోశావ్. దాని మూతికి అంటుకునుండేది. పోన్లే అనుకున్నాను. వాసన నాకే పడలేదు."

ఏడ్చాను. ఇదిగో రాస్తున్నాను, ఏడ్చాను. చుక్క మెడ లేదు కాబట్టి ఆవిడ మెడ మీదే ఏడ్చాను. ఆవిడ దగ్గర పేడ వాసన, కొబ్బరినూనె వాసన. "అవతల చొక్కా నేలపాలయ్యింది" అని గొణిగింది గాని కదల్లేదు.

"నాకు భయంగా ఉందత్తయ్యా" అన్నాను. "ఈసారి పోతే ఇంక లేదు."

"నాకూ భయంగానే ఉందే" అంది. "మరేం చేత్తాం?"

9 ఫిబ్రవరి

సాయంత్రం డ్యూటీ దిగి ఖాకీలోనే వెళ్ళాను, అత్తగారిని తీసుకుని. చిట్టియ్య నులకమంచం వేశాడు.

"ఏంటండీ కండక్టరుగారూ, బస్సెక్కినోణ్ణి సగం దారిలో దింపేత్తానంటే ఎలాగండీ? చూడి గేదె, గడప దాటొచ్చాక మళ్ళీ పంపడం మంచిది కాదండి."

"దాన్ని అమ్మింది నాకోసం, బాబూ. ఆ ఉపకారం నాకు వద్దు. నాకోసం అది మీ ఇంట్లో ఉండక్కర్లేదు."

"మరి ఒకే ఇంట్లో రెండు కడుపులు..." అని నసిగాడు. ఊరంతా ప్రచారం అయిపోయింది అప్పుడే.

మా అత్తగారు అందుకుంది. "నేనే అన్నాను, నేనే కాదంటన్నాను. నువ్వెవడివిరా మధ్యలో?"

చిట్టియ్య తల గోక్కున్నాడు. చివరికి తన డబ్బు తిరిగిచ్చి, పైగా ఆడదూడ పుడితే అదీ తనకే ఇవ్వాలన్నాడు. మా అత్తగారు బేరం మొదలుపెట్టబోతే నేనే సరే అనేశాను. చుక్కని తోలుకుని నడిచాం, రోడ్డు వారగా. మా డిపో బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. మా అత్తగారు ముందు, చుక్క మధ్యలో, వెనకాల నేను. దారిలో అత్తగారు రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూసింది. "చూస్తాను లెండి" అన్నాను. "దాని పొట్ట ఎంత పెరిగినా చూస్తాను. ఏడుపొస్తే అందరి ముందే ఏడుస్తాను."

"ఏడు. పని మాత్రం మానకు" అంది.

హరి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. తాడు నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఈసారి నేను కూడా లోపలికి వస్తాను కళా" అన్నాడు. ఎక్కడికో నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "రానిస్తే రండి. కబడ్డీ మాత్రం పెట్టకండి" అన్నాను.

17 ఫిబ్రవరి

రాజమండ్రి. ఆసుపత్రి గౌను వేసుకుని మంచం మీద కూర్చుని రాస్తున్నాను. గౌను వెనక తాళ్ళు తెగిపోయి ఉన్నాయి. నా వీపు మొత్తం రెండో అంతస్తుకి కనిపిస్తోంది. హరి ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, ముక్కు మీదకి మాస్కు లాక్కుని, గోడకి చేరబడి నిలబడ్డాడు. రానిచ్చారు. క్యాను గురించి అడగనని క్రిస్టినాకి మాటిచ్చాడు.

డాక్టరమ్మ ఇందాక వచ్చి, కరిగించాం, బతికే ఉంది, బాగుంది అంది. హరి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

పిలిచేదాకా ఏం తోచక ఈ పుస్తకం మొదటినుంచి తిరగేశాను. బస్సులో ఉన్నారని చెప్పిన, లేని పిల్లలిద్దరి గురించి రాశాను. గేదె గురించి పేజీలకి పేజీలు రాశాను. అరకు గురించి, స్వెట్టరు గురించి రాశాను. నిలవకపోతే పోయె అని కూడా రాశాను. ఒక్క మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

నాకు బిడ్డ కావాలి.

నాకు చాలా కావాలి. హరి చేతులు, మా అత్తగారి నోరు ఉన్న బిడ్డ కావాలి. ఉత్త మొండిదైనా పరవాలేదు. నాకు కావాలి.

క్రిస్టినా తలుపు తీసి పిలిచింది. బయట హాల్లో మా అత్తగారు, పిలిచింది తన్నే అన్నట్టు లేచి, చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడింది.